రంగుల జత కుదర్చడం: చేనేత సంచి నుంచి బియ్యం బస్తా దాకా

ఒక వస్తువుకు రంగులు నిర్ణయించవలసి వచ్చినప్పుడు దాదాపు అందరం ముందుగా వేసుకునే ప్రశ్న ఏ రంగుకు ఏ రంగు నప్పుతుందన్నది. ఎరుపుకు పచ్చ, నీలానికి పసుపు, వంకాయ రంగుకు బంగారు రంగు అంటూ బట్టల దుకాణంలో వినిపించే జతలు మనకు నోటికి వచ్చినవే. వాటిలో తప్పేమీ లేదు. అయితే పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట వైపు చేనేత సంచులు, దిండు గలీబులు, దుపట్టాలు నేయించేవారితోనూ, పచ్చళ్లు, పల్లీ పట్టీలు, జొన్న రొట్టెలు ప్యాకెట్లలో అమ్మే మహిళా సంఘాలతోనూ కొన్నేళ్లు పనిచేసిన మీదట నాకు తేలినదేమిటంటే, రంగుల పేర్లతో మొదలుపెట్టిన ఎంపిక తరచుగా చెడిపోతుంది, ముదురు–లేతల తేడాతో మొదలుపెట్టిన ఎంపిక అరుదుగా చెడిపోతుంది. కాబట్టి ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో రంగు పేరు చివరన వస్తుంది. దానికి ముందు చూసుకోవలసినవి చాలా ఉన్నాయి.

ముదురు–లేత తేల్చుకున్నాకే రంగు

ఏ రంగుకైనా మూడు గుణాలు ఉంటాయి. అది ఎరుపా, నీలమా, పసుపా అన్నది వన్నె. ముదురుగా ఉందా, లేతగా ఉందా అన్నది రెండోది. మూడోది గాఢత, అంటే ఆ రంగు ఘాటుగా కంటికి కొడుతోందా, లేక బూడిద కలిసినట్టు మెత్తగా ఉందా అన్నది. మనం మాట్లాడేది ఎప్పుడూ వన్నె గురించే అయినా, ఒక ఆకారాన్ని దాని వెనుక ఉన్న నేల నుంచి విడదీసి కంటికి చూపించే పనిలో పెద్ద వాటా ముదురు–లేతల తేడాదే. రెండు రంగుల వన్నె ఎంత వేరైనా అవి ఒకే పాటి ముదురులో ఉంటే, నాలుగు అడుగులు వెనక్కి జరిగేసరికి వాటి మధ్య గీత చెదిరిపోతుంది.

దీనికి మన దగ్గరే తిరుగులేని ఉదాహరణ ఉంది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాలులో సంప్రదాయంగా కనిపించేవి ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. నూలును అద్దకానికి ముందు నూనెలోనూ, బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి పదును పెట్టి వేసే ఆ ఎరుపు నిజంగా అందమైనదే. కానీ ఆ రుమాలు గది అవతలి నుంచి కూడా స్పష్టంగా కనిపించడానికి కారణం తెలుపు లేత కొసన, నలుపు ముదురు కొసన, ఎరుపు సరిగ్గా నడిమిన నిలబడటం. మూడు మెట్లు, మూడూ దూరదూరంగా ఉన్నాయి. ఆ ఎరుపు స్థానంలో అంతే ముదురున్న ఆకుపచ్చనో నీలాన్నో పెట్టి చూసినా అల్లిక తీరు చెదరదు.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి ఒప్పుకున్నది కాదు, నష్టపోయి నేర్చుకున్నది. ఒకసారి భుజానికి వేసుకునే సంచుల కోసం ఇటుక ఎరుపు నేల మీద ఆకుపచ్చ చిట్కీ (నూలును ముందే కట్టి, రంగు అద్ది నేసే ఇక్కత్ బొమ్మ) వేయించాను. చేతిలో ఉన్న రెండు నూలు లడీలు పక్కపక్కన పెట్టుకుంటే కన్నుల పండువగా ఉన్నాయి. నేసి దించిన గుడ్డను గోడకు వేలాడదీసి చూస్తే మాత్రం పువ్వులు లేవు, రేకులు లేవు, అంతా ఒకే మట్టి రంగు. చిట్కీ నేతలో అంచులు కత్తితో కోసినట్టు ఉండవు, పోగులు అటూ ఇటూ జరిగి మసకగా ఉంటాయి. ఆ మసకే దాని అందం. కానీ రెండు వైపులా ఒకే పాటి ముదురు ఉంటే ఆ మసకలోనే బొమ్మ మునిగిపోతుంది. పాత నేతగాళ్లు రెండు రంగుల మధ్య సన్నని తెల్లగీత వదలడం ఎందుకో ఆ రోజు అర్థమైంది.

కాబట్టి మొదటి పని ఇది. మీరు అనుకున్న రంగుల నూలో, గుడ్డ ముక్కలో, కాగితాలో పక్కపక్కన పెట్టి ఫోనుతో ఫొటో తీయండి. ఆ ఫొటోను నలుపు–తెలుపులోకి మార్చండి. ముక్కల మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తే ముందుకు సాగవచ్చు. రెండు ముక్కలు ఒకే బూడిద రంగులోకి వస్తే వాటిలో ఒకదాన్ని రెండు మెట్లు లేతగానో ముదురుగానో మార్చండి. ఫోను చేతిలో లేకపోతే కళ్లు సగం మూసి చూసినా చాలావరకు తెలిసిపోతుంది. చిత్రకారులు తరతరాలుగా చేస్తున్నది అదే. కావాలనే తేడా తగ్గించాలనుకునే సందర్భాలు లేకపోలేదు: ఇంట్లో కప్పుకునే దుప్పటికో, మెత్తగా కనిపించవలసిన పసిపిల్లల బట్టకో దగ్గరదగ్గరి లేత రంగులే బాగుంటాయి. అది తెలిసి చేయాలి, పొరపాటున జరగకూడదు.

పక్క రంగు ఏం చేస్తుంది

ఫ్రాన్స్‌లోని గోబెలాఁ అనే పేరున్న నేత కార్ఖానాలో అద్దకం విభాగానికి 1824లో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతి అయ్యాడు. అక్కడి నల్ల నూలు నీలం, ఊదా రంగుల పక్కన నేసినప్పుడు తేలిపోతోందన్న ఫిర్యాదు ఆయన దగ్గరికి వచ్చింది. పరీక్షించి చూస్తే నల్లరంగు అద్దకంలో లోపమేమీ లేదు. పక్కన ఉన్న రంగులే దాన్ని అలా కనిపించేలా చేస్తున్నాయి. ఆ పరిశీలనను పెంచి 1839లో ఆయన ప్రచురించిన సూత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది: పక్కపక్కన ఉన్న రెండు రంగుల్లో ఒక్కొక్కటి రెండోదాన్ని తనకు ఎదురు రంగు (రంగులను గుండ్రంగా పేర్చిన చక్రంలో సరిగ్గా అవతలి వైపు ఉండేది) వైపు నెట్టుతుంది, లేతది ముదురుదాన్ని ఇంకా ముదురుగా, ముదురుది లేతదాన్ని ఇంకా లేతగా చూపిస్తుంది. నూలు బాగాలేదని అద్దకందారుతో తగవు పెట్టుకునే ముందు ఆ నూలును విడిగా, తెల్ల కాగితం మీద పెట్టి చూడటం అందుకే మంచిది.

మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే బియ్యం సంచులను గమనించండి. కొన్నింటికి లోపలి గింజ కనిపించేలా చిన్న పారదర్శకమైన కిటికీ ఉంటుంది. ఆ కిటికీ చుట్టూ ఘాటైన నీలం ఉంటే, నీలానికి ఎదురైన పసుపు ఛాయ గింజ మీద పడ్డట్టు కనిపిస్తుంది, తెల్లటి బియ్యం కూడా పాతబడ్డట్టు అనిపించవచ్చు. అదే లేత పసుపో, మెత్తని బంగారు రంగో చుట్టూ ఉంటే గింజ నీలిఛాయ వైపు ఒరిగి మరింత తెల్లగా కనిపిస్తుంది. ఉతికిన తెల్ల బట్టకు ఇంట్లో నీలిమందు పెట్టడం వెనుక ఉన్న ఆలోచన కూడా పసుపును నీలంతో కొట్టేయడమే కదా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పైన చెప్పిన సూత్రం రంగు వెడల్పైన పట్టీలుగా ఉన్నప్పుడు నడుస్తుంది. గీతలు సన్నబడేకొద్దీ వ్యవహారం తిరగబడుతుంది: సన్నని పోగుల రంగు పక్కకు పాకి, నేల రంగుతో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. తెల్లటి నేల మీద సన్నని ఎర్ర గళ్లు దూరం నుంచి గులాబీ గుడ్డలా కనిపించేది అందుకే. నారాయణపేట చీరల వంటి గళ్ల నేతలో ఈ తేడా బాగా పనిచేస్తుంది. గడి గీత రెండు పోగుల మందమే ఉంటే దాని రంగు చీర మొత్తానికి ఒక ఛాయ వేస్తుంది. అదే గీత అర అంగుళం ఉంటే విడిగా, దానికదే గట్టిగా కనిపిస్తుంది. అందువల్ల గళ్ల గుడ్డకు రంగు ఎంచేటప్పుడు ఏ రంగు అన్నదాంతో పాటు ఎన్ని పోగులు అన్నది కూడా ఆ పూటే తేల్చుకోవాలి.

నేతలో కలిసిపోయే రంగులు

కాగితం మీద పక్కపక్కన ఉండే రెండు రంగులు మగ్గం మీద ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి. పడుగు (నిలువు పోగులు) ఎరుపు, పేక (అడ్డ పోగులు) ఆకుపచ్చ అయితే వచ్చే గుడ్డ ఎరుపూ కాదు, ఆకుపచ్చా కాదు. ఎదురెదురు రంగుల పోగులు కంటికి కలిసి ఒక మందమైన గోధుమ–బూడిద ఛాయగా మారతాయి. పట్టులో అయితే పోగుకు మెరుపు ఉండటం వల్ల మడత తిరిగిన చోట ఒకటి, వెలుగు పడిన చోట ఇంకొకటి మెరిసి రెండు ఛాయల చీర అవుతుంది, దానికి మంచి గిరాకీ కూడా ఉంది. సన్న నూలులో ఆ మెరుపు ఉండదు, మకిలి ఒక్కటే మిగులుతుంది. నూలుకు పడుగూ పేకా దగ్గరి రంగులు కావడం క్షేమం: నీలం మీద నెమలి కంఠం రంగు, మిరపపండు ఎరుపు మీద నారింజ, ఆవపసుపు మీద చిలకపచ్చ.

గద్వాల చీరను ఈ కోణంలో చూస్తే దాని తెలివి తెలుస్తుంది. నూలు ఒంటికి పట్టు అంచు కలిపే ఆ చీరలో ఒంటి పేక వేరు, అంచు పేక వేరు; రెండూ కలిసే చోట పోగుకు పోగు తగిలించుకుంటూ నేస్తారు, దాన్నే కుట్టు అంటారు. మామూలు చీరలో ఒంటి పేకే అంచు దాకా పోయి అంచు రంగును పాడుచేస్తుంది. కుట్టు నేతలో అంచులోని పడుగూ పేకా రెండూ అంచు రంగువే కాబట్టి గంధం రంగు ఒంటి పక్కన కూడా కుంకుమ రంగు అంచు చెక్కుచెదరకుండా నిలుస్తుంది. ఒంటికీ అంచుకూ ఎదురు రంగులు పెట్టే ధైర్యం ఆ నేత ఇస్తుంది. అదే జతను మీరు మామూలు మగ్గం మీద నేయించబోతే, అంచులో వచ్చేది మీరు ఊహించిన రంగు కాదన్నది ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఏ రెండు రంగులు దాటితే ఏమి వస్తుందో ఊహించే శ్రమ పడనక్కరలేదు, ఒక్క జానెడు గుడ్డ నేయిస్తే చాలు. ఐదు రంగులను పడుగులో రెండేసి అంగుళాల చారలుగా పెట్టండి. అవే ఐదు రంగులను అదే వరుసలో, అదే వెడల్పుతో పేకలో నడపండి. ఇరవై ఐదు గళ్లు వస్తాయి. మూలకు మూల వచ్చే ఐదు గళ్లలో శుద్ధమైన రంగులు, మిగతా ఇరవైలో కలిసిన ఛాయలు కనిపిస్తాయి. వాటిలో మూడో నాలుగో మీరు కలలో కూడా అనుకోనివి, పేరు పెట్టలేనివి ఉంటాయి, నా అనుభవంలో బాగా అమ్ముడుపోయినవి వాటిలోంచే వచ్చాయి. దీనికి ఇంకో లాభం ఉంది: ఒకే పడుగు మీద పేక మార్చుకుంటూ పోతే నాలుగు రకాల సంచి గుడ్డలు దించుకోవచ్చు, పడుగు ఖర్చు ఒకటే.

చిట్కీ విషయంలో ఎంపికకు ఇంకో కట్టడి ఉంది. సైకిలు ట్యూబు రబ్బరు పేలికలతో నూలును కట్టి అద్దే ఆ పనిలో రంగులు లేత నుంచి ముదురుకు వెళ్లాలి. తెల్లగా ఉండవలసిన చోట్లు ముందు కట్టి పసుపులో ముంచితే, తరవాత పసుపుగా మిగలవలసిన చోట్లు కట్టి ఎరుపులో ముంచుతారు, ఆపైన ఎరుపు కట్టి నలుపులోకి వెళ్తారు. ప్రతి కొత్త రంగు కిందా పాత రంగు ఉంటుంది. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ వస్తుంది తప్ప నీలం రాదు. కాబట్టి తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు అన్న వరుస సాఫీగా సాగుతుంది. తెలుపు, పసుపు, ఆకాశనీలం అంటే కట్లు మళ్లీ మళ్లీ విప్పి కట్టాలి, ఒక్కో రంగుకు ఒక్కో రోజు కూలి పెరుగుతుంది. ఐదు రంగుల బొమ్మ గీసి నేతగాడి ముందు పెట్టే కొత్త డిజైనర్లకు ఈ లెక్క తెలియదు. మూడు రంగులకు మించితే ఆ నాలుగోదాని ఖర్చు ధరలో తిరిగి వస్తుందా అని ఒకసారి మిమ్మల్ని మీరే అడగండి.

ఎంత ఒంటికి ఎంత అంచు

పాళ్ల గురించి పెద్ద పాఠం అక్కరలేదు, చీర దాన్ని ఎప్పుడో చెప్పేసింది. నలభై ఆరు అంగుళాల పన్నాలో రెండు వైపులా నాలుగేసి అంగుళాల అంచు అంటే మొత్తంలో ఆరో వంతు కాస్త మించి. ఒళ్లు పెద్ద వాటా, అంచు చిన్న వాటా, జరీ గీతో చిన్న బుటీయో మూడోది. ఈ అసమానమే కంటికి హాయి. రెండు ఘాటైన రంగులు సగానికి సగం పంచుకుంటే ఏది చీరో ఏది అంచో తెలియక చూపు తడబడుతుంది.

సంచికి దీన్నే అన్వయించుకోవచ్చు. పదిహేను అంగుళాల ఎత్తున్న సంచికి గంధం రంగు ఒళ్లు, అడుగున మూడు అంగుళాల ముదురు నీలం పట్టీ, మూతికి వేలాడే నారింజ కుచ్చు. నారింజ ఆ కుచ్చులోనే ఉండటం వల్ల మెరుస్తుంది. ఒళ్లంతా అదే అయితే నెల తిరక్కుండా మొహం మొత్తుతుంది. ఒక రంగు పెద్ద జాగాలో పరుచుకున్నప్పుడు చిన్న ముక్కలో చూసినదానికంటే ఘాటుగా అనిపిస్తుంది కాబట్టి, పెద్ద వాటాకు మీకు నచ్చిన ముక్క కంటే ఒక మెట్టు మెత్తనిది తీసుకోండి.

పాళ్లు చూసుకోవడానికి ఒక అట్టముక్క చాలు. దాని మీద నూలును పక్కపక్కనే చుట్టండి: నూరు చుట్లలో డెబ్బై ఒంటి రంగు, ఇరవై ఐదు అంచు రంగు, ఐదు మూడో రంగు. గుడ్డ నేయకముందే పాళ్లు కళ్ల ముందుకు వస్తాయి. పడుగు–పేకలు దాటినప్పుడు వచ్చే కలయిక ఇందులో తెలియదు, దానికి ఇంతకు ముందు చెప్పిన గళ్ల నమూనాయే దిక్కు. బతుకమ్మ పేర్చే ఆడవాళ్లను చూసి కూడా ఈ పాఠం నేర్చుకోవచ్చు: తంగేడు పసుపు పెద్ద వరసలుగా, రంగు అద్దిన గునుగు వరసలు మధ్య మధ్య, రంగు ముంచని తెల్ల గునుగు ఒక సన్నని వరస. ఆ తెల్ల వరస తీసేస్తే మిగతావి ఒకదానిలోకి ఒకటి కుంగిపోతాయి.

రంగుల చక్రం గురించి రెండు మాటలు. పక్కపక్క రంగులు నెమ్మదిగా, ఎదురెదురు రంగులు జోరుగా ఉంటాయన్నంత వరకు అది పనికొస్తుంది. అద్దకందారుల పాత చక్రంలో ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ, కంప్యూటర్ తెరల చక్రంలో ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ–నీలం కలిసిన సయాన్. ఏ చక్రం చూస్తున్నారో తెలుసుకుని చూడండి, అంతకు మించి దాని మీద ఆధారపడవద్దు.

అప్పటికే అర్థం ఉన్న రంగులు

తినే వస్తువుల ప్యాకెట్టుకు రంగు వస్తువులోనే దొరుకుతుంది, దుకాణానికి పోయి వెతకనక్కరలేదు. బాలానగర్ పేరు మీదే ఒక రకం ఉన్న మన సీతాఫలాన్ని కోసి చూడండి: తొక్క మెత్తని ఆకుపచ్చ, గుజ్జు మీగడ తెలుపు, గింజ నలుపు. తేలియా రుమాలులోలాగే లేత, నడిమి, ముదురు మెట్లు మూడూ అందులో ఉన్నాయి. సీతాఫలం గుజ్జు డబ్బాకు ఇంతకంటే మంచి జత నాకు తోచదు. నల్లగొండ బత్తాయి రసానికి మాత్రం చాలామంది నారింజ రంగు అంటిస్తారు. కొన్నవాడు కమలారసం అనుకుని తాగి నిరాశపడతాడు. బత్తాయి తొక్క పసుపు–ఆకుపచ్చ, రసం పాలిపోయిన పసుపు. ఆ రెండింటికీ ఒక ముదురు ఆకుపచ్చ అక్షరం తోడైతే సరిపోతుంది.

కొన్ని రంగులకు చట్టం ముందే అర్థం పెట్టింది. పత్తి, మిరప వేసే రైతుల ఇళ్లలో ఉండే పురుగుమందు డబ్బాను చూస్తే, మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం దాని కింది సగం ఎరుపైతే అత్యంత విషపూరితం, పసుపైతే దాని తరవాతిది, నీలమైతే ఒక మోస్తరు, ఆకుపచ్చైతే తక్కువ. పై సగంలో హెచ్చరిక మాటలో రాసి ఉంటుంది, అంటే రంగు ఒక్కదాని మీద భారం వేయలేదు. ఈ ప్రాంతంలో పల్లీ నూనె సీసాకు లేబుల్ చేసేటప్పుడు ఘాటైన రంగు నింపిన అలాంటి నాలుగు మూలల ఆకారాన్ని అలంకారంగా వాడటం పెద్ద పొరపాటు. శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క తప్పనిసరి. అది వెనుక రంగుకు భిన్నంగా తేటగా కనిపించాలని నిబంధనే చెబుతుంది. ప్యాకెట్టు మొత్తం ఆకుపచ్చ చేస్తే ఆ చుక్కకు తెల్ల గడి కేటాయించక తప్పదు.

ఎరుపు–ఆకుపచ్చల తేడా సరిగా తెలియని చూపు ఐరోపా సంతతి మగవారిలో సుమారు 8 శాతం మందికి, ఆడవారిలో సుమారు 0.5 శాతం మందికి ఉంటుందని తేలింది. మన ఊళ్లలోనూ అలాంటివారు ఉన్నారు, చాలామందికి ఆ సంగతే తెలియదు. కారం పచ్చడికి ఎర్ర మూత, కారం తక్కువదానికి ఆకుపచ్చ మూత పెడితే వారికి రెండూ ఒకటే. ఒక మూత ముదురుగా, ఇంకొకటి లేతగా పెట్టి, పైన మాట కూడా రాస్తే చిక్కు తీరిపోతుంది.

అక్షరాల విషయంలో కొలత కూడా ఉంది. వెబ్ పేజీలకు ప్రపంచమంతటా పాటించే ప్రమాణంలో, నేలకూ అక్షరానికీ మధ్య వెలుగు తేడాను 1 నుంచి 21 వరకు లెక్కగడతారు. మామూలు సైజు అక్షరానికి 4.5, పెద్ద అక్షరానికి 3 కనీసం ఉండాలంటారు. తెల్లటి నేల మీద శుద్ధమైన పసుపు అక్షరానికి వచ్చేది 1.07 మాత్రమే. పసుపు మీద నల్ల అక్షరానికి 19 దాటుతుంది. ఎరుపు మీద ముదురు ఆకుపచ్చ 1.3 దగ్గర ఆగిపోతుంది, పెళ్లి పందిరి మీద అది ఎంత శుభంగా ఉన్నా సరే. అచ్చుకు కూడా ఈ లెక్కనే పాటించమని నా సలహా, తెలుగుకైతే ఇంకాస్త ఎక్కువే. వత్తులు, గుడులు, తలకట్లు చిన్నవి. ముదురు నేల మీద తెల్ల అక్షరాలుగా ప్లాస్టిక్ ప్యాకెట్టు మీద అచ్చు వేసినప్పుడు సిరా పాకి సన్నని వత్తులు పూడుకుపోతాయి, 'క్క' కాస్తా 'క' అవుతుంది. చిన్న అక్షరాలు లేత నేల మీద ముదురుగానే ఉంచండి.

వెలుగు, నమూనా, మాట

వెలుగు ఛాయను కొలిచే కెల్విన్ లెక్కలో చూస్తే, పాత గుండ్రని బల్బు వెలుగు దాదాపు 2,700 కెల్విన్ల పసుపు ఛాయతో, తెల్ల ట్యూబులైటు దాదాపు 6,500 కెల్విన్ల నీలిఛాయతో ఉంటుంది. ఒకదాని కింద అచ్చం ఒకేలా కనిపించిన రెండు నూళ్లు, వేరు వేరు రసాయనాలతో అద్దినవైతే, రెండోదాని కింద విడిపోవచ్చు. అంచు నూలు ఒక చోట, ఒంటి నూలు ఇంకో చోట అద్దించినప్పుడు ఇది తరచుగా ఎదురవుతుంది. అందుకని జతను మూడు చోట్ల చూడండి: ఎండ నేరుగా పడని అరుగు మీద ఉదయం పూట, దుకాణంలోని ట్యూబులైటు కింద, వస్తువు చివరకు ఎక్కడ వాడతారో ఆ వెలుగులో. దిండు గలీబుకు రాత్రి గది దీపం ముఖ్యం, సంచికి ఎండ ముఖ్యం. తడి నూలు ఎప్పుడూ ముదురుగా కనిపిస్తుంది, పూర్తిగా ఆరాకనే తీర్పు చెప్పండి. ఫోనులో పంపిన ఫొటో చూసి రంగు ఖాయం చేయడం నేను మానేశాను. కెమెరా తనకు తోచినట్టు వెలుగును సర్దుతుంది.

ఎరుపు–తెలుపు జత నచ్చినవారు రంగు దిగుతుందేమో ముందే చూసుకోవాలి. నమూనా ముక్కకు తెల్ల నూలు గుడ్డ ఒకటి కుట్టి సబ్బు నీళ్లలో ఉతికి, ఆరబెట్టి, ఆ తెల్ల గుడ్డను చూడండి. తరవాత తడి తెల్ల గుడ్డతో నమూనాను గట్టిగా రుద్దండి. నీలిమందు అద్దకం ఉతుకుకు నిలిచినా రాపిడికి దిగుతుంది, తెల్ల చొక్కా వేసుకున్నవాడి భుజం మీద సంచి వేలాడేది గుర్తుంచుకోవాలి.

అద్దకందారుకు రంగు మాటలో చెప్పవద్దు. మన రంగుల పేర్లు ముచ్చటైనవే, కానీ నెమలి కంఠం అంటే ఒకరికి నీలం, ఇంకొకరికి ఆకుపచ్చ. నేను ఒకసారి ఫోనులో 'కాఫీ రంగు' అని చెప్పి ఊరుకున్నాను. నా మనసులో ఉన్నది డికాక్షన్. ఆ పెద్దాయన పాలు కలిపి అద్దాడు. తప్పు నాదే కనుక ఆ ఇరవై లడీలూ నేనే తీసుకున్నాను. అప్పటి నుంచి నూలు ముక్క చేతికి ఇవ్వనిదే పని చెప్పడం లేదు.

చివరిగా ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఖాయం చేసిన ప్రతి జతకు ఒక పేజీ: ఒక్కో రంగు పోగు అంటించి, దాని పక్కన ఏ రంగు మందు, ఎంత నూలుకు ఎన్ని గ్రాములు, ఎవరు అద్దారు, ఏ తేదీ, ఒంటికి అంచుకు ఎన్నెన్ని పోగులు అన్నది రాయండి. వెలుగు తగిలితే పోగులు వెలిసిపోతాయి కాబట్టి పుస్తకాన్ని మూసి బీరువాలో ఉంచండి. కొత్త లాటు వచ్చినప్పుడు దాన్ని అరుగు మీదికి తెచ్చి, పాత పోగు పక్కన కొత్త పోగు పెట్టి చూసి, తేడా ఉంటే పడుగు మగ్గం ఎక్కకముందే తిప్పి పంపండి.